రెండంగుళాల లెక్క

ఖాళీగా ఉన్న పికప్ ట్రక్కును పక్కనుంచి చూస్తే ముక్కు కాస్త వంగి, తోక కాస్త లేచి కనిపిస్తుంది. అమెరికాలో 1977 నుంచి పికప్‌ల అమ్మకాల్లో మొదటి స్థానం వదలని ఫోర్డ్ ఎఫ్-సిరీస్‌కైనా, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్‌కైనా ఈ వాలు ఉంటుంది. కంపెనీ దాన్ని కావాలనే పెడుతుంది. తొట్టిలో సిమెంటు బస్తాలు పడ్డాక, వెనక కొక్కేనికి ట్రెయిలర్ తగిలించాక, వెనక భాగం దిగుతుంది. అలా దిగాక బండి సమంగా నిలవాలంటే ఖాళీగా ఉన్నప్పుడు తోక లేచి ఉండక తప్పదు.

అయితే పికప్ కొన్న ప్రతివాడూ సిమెంటు మోయడు. టెక్సస్‌లోనో ఒహాయోలోనో దాన్ని కారులాగే ఆఫీసుకీ బజారుకీ తిప్పేవాళ్లు ఎందరో. వాళ్లకి ఆ వాలు కంట్లో నలుసు. ముందు భాగాన్ని రెండంగుళాలు లేపి బండిని సమం చేసే లెవెలింగ్ కిట్ల వ్యాపారం నడుస్తున్నది వాళ్ల పుణ్యాన్నే. అరచేతిలో పట్టే అల్యూమినియం బిళ్ల దగ్గర్నుంచి, వేల డాలర్ల కాయిలోవర్ల (స్ప్రింగు, షాకబ్జర్ కలిపి చేసిన సెట్ల) దాకా అంగడిలో ఉన్నాయి. అన్నీ ఇచ్చేది ఆ రెండంగుళాలే. ఆ రెండంగుళాలు ఎక్కడినుంచి తెచ్చి ఇస్తున్నాయన్న దాంట్లోనే మంచిచెడ్డలన్నీ ఉన్నాయి.

ముందు టేపు పట్టండి

కొలవకుండా కిట్ కొనడం చెప్పు సైజు చూడకుండా కొన్నట్టే. సమంగా ఉన్న నేల మీద బండిని నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, నాలుగడుగులు ముందుకీ వెనక్కీ కదిలించి ఆపాలి. జాకీ మీంచి అప్పుడే దింపిన బండిని కొలిస్తే స్ప్రింగులు ఇంకా సర్దుకోక అంకె తప్పు వస్తుంది. చక్రం నడిబొడ్డు నుంచి దాని పైనున్న మడ్‌గార్డు అంచు దాకా నిలువుగా కొలవాలి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి తేడా కూడా అంకెలోకి వచ్చేస్తాయి.

ఇక్కడ ఇంకో తిరకాసుంది. ముందు, వెనక మడ్‌గార్డుల వంపులను ఒకే ఎత్తులో కోయాలని రూలేమీ లేదు. కాబట్టి వాలు ఎంతో తెలియాలంటే తలుపు కింది గడప పొడవునా రెండు చోట్ల నేల నుంచి కొలిచి తేడా చూడాలి. నాలుగు చక్రాల అంకెలూ, గడప అంకెలూ కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత అసలు పరీక్ష: మీరు మామూలుగా మోసే బరువు తొట్టిలో వేసి మళ్లీ కొలవండి.

వెనక ఒక్కో చక్రం దగ్గర కమాను కట్ట (లీఫ్ స్ప్రింగు) ఒక మిల్లీమీటరు వంగడానికి 35 న్యూటన్ల బలం కావాలనుకుందాం. 400 కిలోల సరుకు బరువు దాదాపు మొత్తం వెనక ఇరుసు మీదే పడితే ఒక్కో చక్రానికి 200 కిలోలు, అంటే సుమారు 1,960 న్యూటన్లు. కమాను 56 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాల పైచిలుకు దిగుతుంది. కంపెనీ పెట్టిన వాలు సరిగ్గా అక్కడికి సరిపోయింది. ఇదే బండికి ముందు రెండంగుళాలు ముందే లేపేసి ఉంటే, సరుకు పడగానే ముక్కు ఆకాశం వైపు చూస్తుంది. వారానికోసారైనా బరువు మోసేవాళ్లకి లెవెలింగ్ కిట్ పనికిరాదని ఈ ఒక్క లెక్కే చెబుతుంది.

అడకత్తెరలో స్ప్రింగు

ఎఫ్-సిరీస్‌లోని ఎఫ్-150 లాంటి బండిలో ముందు చక్రాలు రెండూ విడివిడిగా కదులుతాయి. ఒక్కో చక్రాన్ని పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ పట్టుకుని ఉంటాయి. కింది ఆర్మ్‌కి ఒక కొస ఛాసిస్‌కి బిగించి ఉంటుంది, రెండో కొసన చక్రం ఉంటుంది. నడుమ కాయిల్ స్ప్రింగు, దాని లోపల షాకబ్జర్ కలిసి ఒక స్తంభంలా నిలబడి ఛాసిస్ మీది గూటిని పైకి తోస్తుంటాయి. ఆ స్తంభాన్ని స్ట్రట్ అంటారు.

వక్క కత్తిరించే అడకత్తెరలో ఉన్న అమరిక ఇదే. ఒక కొసన కీలు, నడుమ వక్క, రెండో కొసన చెయ్యి. వక్క దగ్గర దవడ అంగుళం కదిలితే చెయ్యి రెండంగుళాలు కదులుతుంది. చెయ్యి నొక్కిన బలానికి రెట్టింపు వక్క మీద పడుతుంది. స్ట్రట్ కింది ఆర్మ్‌కి ఎక్కడ తగులుతుందన్న దాన్ని బట్టి ఈ నిష్పత్తి బండి బండికీ కొంత మారుతుంది. లెక్క సులువుగా ఉండడానికి మనం సగం అనుకుందాం.

దీంట్లోంచి రెండు విషయాలు తేలతాయి. మొదటిది, రెండంగుళాల కిట్ అని కొన్న డబ్బాలో అంగుళం మందం బిళ్లే కనిపిస్తే దుకాణదారు మోసం చేశాడని అనుకోనక్కర్లేదు. స్ట్రట్ దగ్గర అంగుళం అంటే చక్రం దగ్గర రెండంగుళాలు. రెండోది, ముందు ఒక్కో చక్రం మీద బండి బరువు 600 కిలోలు పడుతుంటే లోపలి స్ప్రింగు 1,200 కిలోల బలంతో నొక్కుకుని ఉంది. స్ట్రట్ బయటికి తీశాక ఆ బలం కొంత తగ్గినా, పైనట్టు విప్పితే మిగిలిందంతా ఒక్కసారిగా వదులుతుంది. స్ప్రింగును పట్టి బిగించే సరైన పనిముట్టు లేకుండా ఇంటి ముందు ఈ పని పెట్టుకోకూడదు.

బిళ్ల ఎక్కడ పెట్టారు?

స్ప్రింగు ఎంత నొక్కుకుంటే అంత బలంతో ఎదురు తోస్తుందన్న సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. దాన్ని తిరగేసి చదివితే లిఫ్టు కిట్ల గుట్టంతా బయటపడుతుంది. మోసే బరువు మారనంత కాలం స్ప్రింగు పొడవూ మారదు. ముక్కును రెండంగుళాలు లేపినా బండి బరువు మారలేదు కాబట్టి, నిలబడి ఉన్నప్పుడు స్ప్రింగు మునుపు ఎంత నొక్కుకుందో ఇప్పుడూ అంతే నొక్కుకుని ఉంటుంది. బిళ్ల పెడితే స్ప్రింగు గట్టిపడుతుందన్న మాట షెడ్లలో తరచూ వినబడుతుంది గాని, గట్టిదనం స్ప్రింగు తీగలో ఉంది, బిళ్లలో లేదు.

మరి బిళ్ల పెట్టాక బండి కుదుపెందుకు పెరుగుతుంది? చక్రానికి పైకి, కిందికి కదలడానికి కొంత జాగా ఉంటుంది. మొత్తం 220 మిల్లీమీటర్లనుకుందాం. మామూలుగా నిలబడినప్పుడు అందులో 120 పైకి పోవడానికి, 100 కిందికి జారడానికి మిగులుతాయి. గతుకు ఎక్కినప్పుడు మొదటిది వాడుకుంటుంది, గుంటలోకి దిగినప్పుడు రెండోది.

బండిని లేపే మొదటి పద్ధతిలో, స్ప్రింగు కింద బిళ్ల పెట్టినా, స్ప్రింగు కూర్చునే పళ్లెం పైకి జరిపినా స్ట్రట్ పొడవు మారదు. బిల్‌స్టీన్ కంపెనీ 5100 రకం షాకబ్జర్ల ఒంటి మీద వరుసగా గాళ్లు ఉంటాయి. అందులో ఒక గాడిలోంచి ఉక్కు రింగు తీసి పై గాడిలో వేస్తే పళ్లెం అంత మేర పైకి జరుగుతుంది. బండి 50 మిల్లీమీటర్లు లేస్తుంది, కిందికి జారే జాగా 100 నుంచి 50కి పడిపోతుంది. స్పీడు బ్రేకరు దిగేటప్పుడు చక్రం కిందికి జారుతూ చటుక్కున ఆగిపోయి టక్కుమని మోగుతుంది. స్ప్రింగు గట్టిపడిందని యజమాని అనుకునేది ఈ మోతనే.

రెండో పద్ధతిలో బిళ్లను స్ట్రట్ నెత్తిన, గూటికీ దానికీ మధ్య పెడతారు. స్ట్రట్ విప్పే పనుండదు, ధరా తక్కువే. షాకబ్జర్ కదలికకి కోత పడదు. కాని స్ట్రట్ మొత్తం కిందికి జరిగింది కనుక, చక్రం పూర్తిగా జారినప్పుడు కంపెనీ అనుకున్న హద్దు కన్నా 50 మిల్లీమీటర్లు ఇంకా కిందికి పోతుంది. అక్కడ బాల్ జాయింట్ల కోణం, నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న బండిలో చక్రాలను తిప్పే షాఫ్టుల కోణం హద్దు దాటతాయి. కొన్ని బళ్లలో పై ఆర్మ్ వెళ్లి స్ప్రింగుకి రాసుకుంటుంది. అటు గట్టి గతుకులో చక్రం పైకి పోకుండా ఆపే రబ్బరు దిమ్మె తగలకముందే షాకబ్జర్ అడుగంటే ప్రమాదమూ ఉంది.

మూడోది ఖర్చుతో కూడినది: పొడవు పెరిగిన షాకబ్జర్, దానికి సరిపడే స్ప్రింగు, అవసరమైతే కోణం సరిచేసిన పై ఆర్మ్, మూడూ ఒకదానికొకటి కుదిరేలా తయారైన సెట్టు. అంగుళం ఎత్తుకి దీని అవసరం లేదు. రెండంగుళాలకి, రోజూ మట్టిరోడ్డు ఎక్కేవాళ్లకి పెట్టిన డబ్బు వృథా పోదు. రెండున్నర దాటితే మిగతా రెండు పద్ధతుల జోలికి పోకపోవడమే మంచిది.

బండి ఊగే లయ

స్ప్రింగును ఎత్తు చూసి కొనేవాళ్లే ఎక్కువ. చూడాల్సింది బరువు. ముందు ఇనుప బంపరు, ఇరుక్కున్న బండిని లాగే విన్చీ బిగిస్తే ఆ బరువుకి ముక్కు దిగుతుంది, దానికి గట్టి స్ప్రింగు కావాలి. ఆస్ట్రేలియాలో ఏఆర్‌బీ కంపెనీ ఓల్డ్ మ్యాన్ ఈము పేరుతో అమ్మే స్ప్రింగులను బండి మీద అదనంగా ఎంత బరువు ఉందో అడిగి ఎంచుకునేలా రకాలుగా విడదీసింది. ఎడారిలో వందల కిలోమీటర్లు సామాను మోసుకు తిరిగే దేశంలో పుట్టిన పద్ధతది.

స్ప్రింగు గట్టిదనం తీగ మందం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 15 మిల్లీమీటర్ల తీగకు బదులు, మిగతా కొలతలన్నీ అలాగే ఉంచి, 16 మిల్లీమీటర్ల తీగ చుడితే గట్టిదనం 29 శాతం పెరుగుతుంది. కంటికి ఆనని ఒక్క మిల్లీమీటరు తేడా నడుముకు తెలుస్తుంది.

ఎలా తెలుస్తుందో కొలిచే పద్ధతి ఒకటుంది. బరువుకి స్ప్రింగు చక్రం దగ్గర ఎన్ని సెంటీమీటర్లు దిగిందో తీసుకుని, దాని వర్గమూలంతో అయిదుని భాగిస్తే, బండి సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో వస్తుంది. మన ఉదాహరణలో స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకి 120 న్యూటన్లు అనుకుందాం. అడకత్తెర నిష్పత్తి సగం కావడంతో చక్రం దగ్గర అది నాలుగో వంతు, అంటే 30 అవుతుంది. 600 కిలోలకి దిగుడు 19.6 సెంటీమీటర్లు. ఊపు సెకనుకి 1.13 సార్లు. వెనక ఖాళీగా ఒక్కో చక్రం మీద 400 కిలోలుంటే 1.49 సార్లు, సరుకు వేసి 600 అయితే 1.22 సార్లు. ఖాళీ పికప్ వెనక సీటులో కూర్చున్నవాళ్లు ఎందుకు ఎగిరెగిరి పడతారో ఈ 1.49 చెబుతుంది.

ముందు కన్నా వెనక కాస్త వేగంగా ఊగాలన్న సంగతిని 1930లలో కాడిలాక్ కంపెనీలో మారిస్ ఓలీ అనే ఇంగ్లిషు ఇంజినీరు ప్రయోగం చేసి చూపించాడు. బరువులను అటూ ఇటూ జరపగలిగిన కారు ఒకటి కట్టి, అందులో మనుషుల్ని కూర్చోబెట్టి రోడ్డు మీద నడిపించాడు. గతుకు ముందు చక్రాలకి ముందు తగులుతుంది, వెనక చక్రాలకి తర్వాత తగులుతుంది. ఆలస్యంగా మొదలైన వెనక ఊపు కాస్త వేగంగా ఉంటే ముందుదాన్ని అందుకుంటుంది. అప్పుడు బండి మొత్తం ఒక్కసారిగా పైకి కిందికి కదులుతుంది. అలా కాకపోతే ముక్కు లేస్తే తోక దిగి, తోక లేస్తే ముక్కు దిగి ప్రయాణికుడికి కడుపులో తిప్పుతుంది.

ఇప్పుడు బంపరూ విన్చీ ఏమీ లేని బండికి, ఎత్తు వస్తుంది కదా అని 150 న్యూటన్ల గట్టి స్ప్రింగు వేశారనుకుందాం. ముందు ఊపు 1.26కి పెరిగింది. తొట్టిలో సరుకుంటే వెనకది 1.22 మాత్రమే. ఓలీ చెప్పిన వరుస తలకిందులైంది. బండి చూడ్డానికి దర్జాగా నిలబడుతుంది, హైవే ఎక్కితే గుర్రంలా దూకుతుంది.

గట్టి స్ప్రింగు వేసినప్పుడు దాని ఎగురుడును పట్టి ఆపే షాకబ్జర్ కూడా మారాలి. ఎగురుతున్న బండి శక్తిని నూనెలో వేడిగా మార్చి బయటికి పంపడమే షాకబ్జర్ పని. గతుకుల దారిలో ఎక్కువసేపు పోతే నూనె కాగి, నురగ కట్టి, పట్టు తగ్గుతుంది. నూనెకీ వాయువుకీ మధ్య పిస్టన్ అడ్డుపెట్టి, నైట్రోజన్‌ను ఒత్తిడితో నింపిన ఒకే గొట్టం షాకబ్జర్‌ను బిల్‌స్టీన్ 1957లో మెర్సిడెస్ బెంజ్ కార్ల కోసం పెద్దెత్తున తయారుచేసింది. రోజంతా మట్టిరోడ్డు మీదుండే బండికి ఆ రకమే మేలు. ఊళ్లో తిరిగే బండికి రెండు గొట్టాలది చాలు.

వెనక కమాన్లు

రామ్ 1500 లాంటి కొన్ని బళ్లు కాయిల్ స్ప్రింగులకి మారినా, పికప్ వెనక భాగానికి ఇంకా కమాను కట్టలే పెద్దదిక్కు. బండిని సమం చేయడమే కావాలంటే వెనక ముట్టుకోనక్కర్లేదు. ముందు రెండున్నర, వెనక ఒకటి లేపాలనుకుంటే మూడు దారులున్నాయి.

వెనక ఇరుసు ఉండే హౌసింగ్‌కీ కమాన్లకీ మధ్య ఇనుప బ్లాకు పెట్టడం చవక, గట్టిదనం మారదు. అయితే యాక్సిలరేటర్ నొక్కినప్పుడు, బ్రేకు తొక్కినప్పుడు హౌసింగ్ తన చుట్టూ తాను తిరగబోతుంది, దాన్ని ఆపి ఉంచేది కమాన్లే. బ్లాకు ఎత్తు పెరిగేకొద్దీ మెలితిప్పే బలానికి పట్టు దొరుకుతుంది, పట్టీలు ఎస్ ఆకారంలో వంకర పోతాయి. ఒక బ్లాకు మీద ఇంకో బ్లాకు ఎప్పుడూ పెట్టకూడదు. కట్టలో ఒక పట్టీ అదనంగా వేయడం రెండో దారి, గట్టిదనం పెరుగుతుంది కనుక బరువు మోసేవాళ్లకే నప్పుతుంది. కమాను కట్ట కొసను ఛాసిస్‌కి కలిపే షాకిల్‌ను పొడుగుది వేయడం మూడోది. రెండంగుళాల పొడుగు షాకిల్ వేస్తే బండి అంగుళం లేస్తుంది, హౌసింగ్ మూతి కోణమూ మారుతుంది. ఆ కోణం తప్పితే వెనక్కి పోయే షాఫ్టు తన కీలైన యూజే క్రాస్ దగ్గర ఒక్కో చుట్టుకి రెండేసి సార్లు అదురుతుంది. ఏ దారి పట్టినా యు-బోల్టులు కొత్తవి వేయాలి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించి చూసుకోవాలి.

రెండంగుళాలతో కదిలేవి

ముక్కు లేస్తే స్టీరింగు కోణాలన్నీ కదులుతాయి. చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండడం వల్లే స్టీరింగు వదిలితే తనంతట తాను తిన్నగా వస్తుంది. ముందు లేపితే ఆ వాలు సాధారణంగా తగ్గి, హైవే మీద బండి అటూ ఇటూ పోతుంది. కాబట్టి కిట్ ధరలో వీల్ అలైన్‌మెంట్ ధర కలిపే లెక్క వేసుకోవాలి. ఆర్మ్‌ల రబ్బరు బుష్‌ల బోల్టులను చక్రాలు గాల్లో ఉండగా బిగించే మెకానిక్కులున్నారు. బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడి, ఆ మెలితోనే బతికి, తొందరగా చిరుగుతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు వేయించుకోండి.

ఎదుటివాళ్ల కళ్ల సంగతీ ఉంది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 3.68 మీటర్లున్న ఎఫ్-150కి ముక్కు 5 సెంటీమీటర్లు లేస్తే, 25 మీటర్ల దూరంలో హెడ్‌లైటు వెలుగు 34 సెంటీమీటర్లు పైకి పోతుంది. దీపం లేచిన ఎత్తు దానికి అదనం. ఎదురుగా వచ్చే కారు డ్రైవరు కళ్లలోకి పోవడానికి అంత చాలు. దీపం వెనకున్న మర తిప్పి వెలుగు దించడం అయిదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. ఎక్కువమంది మరిచిపోయే పనీ అదే.

బండి బోల్తా పడే గుణాన్ని అమెరికా రహదారి భద్రతా సంస్థ ఒక తేలిక కొలతతో లెక్క కడుతుంది: ఎడమ, కుడి చక్రాల మధ్య దూరంలో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగించడం. దూరం 1.7 మీటర్లు, ఎత్తు 72 సెంటీమీటర్లు అయితే 1.18 వస్తుంది. బండి నాలుగు వైపులా రెండంగుళాలు లేస్తే అది సుమారు 1.1కి పడుతుంది. ముక్కు ఒక్కటే లేపితే తగ్గుదల అందులో సగం దగ్గర ఆగుతుంది. రెండంగుళాలకి ఇంత, ఆరంగుళాలకి ఎంతో మీరే ఊహించుకోండి.

ఇంత చేసినా సస్పెన్షన్ లిఫ్టు వల్ల వెనక డిఫరెన్షియల్ నేల నుంచి ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. అది చక్రాల మధ్య ఇరుసులోనే ఉంది, ఇరుసు ఎత్తు టైరుది. 265/70ఆర్17 టైరు తీసి 285/70ఆర్17 వేస్తే వ్యాసం 28 మిల్లీమీటర్లు పెరిగి, డిఫరెన్షియల్ 14 మిల్లీమీటర్లు లేస్తుంది. స్పీడోమీటరు 100 చూపేటప్పుడు అసలు వేగం 103.5 అవుతుంది. రాయి తగలకుండా ఉండడానికే లిఫ్టు అనుకునేవాళ్లు ఈ సంగతి ముందు తెలుసుకోవాలి.

చట్టం కూడా కళ్లు మూసుకుని లేదు. ముందు బాగా లేపి వెనక దించే వేలంవెర్రి ముదిరాక, ముందు మడ్‌గార్డు వెనకదాని కన్నా నాలుగంగుళాలు, అంతకు మించి ఎత్తుండే బళ్లను నార్త్ కరోలినా 2021 డిసెంబరు నుంచి నిషేధించింది. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషనులో రాసిన వివరాలకు, కంపెనీ ఇచ్చిన కొలతలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ను గట్టిగానే సమర్థించింది. వి-క్రాస్ యజమానులు కిట్ తెప్పించే ముందు ఆర్టీవో ఆఫీసులోనూ, బీమా కంపెనీ దగ్గరా లిఖితపూర్వకంగా అడగడం మంచిది.

కాబట్టి కొనే క్రమం ఇది. ముందు మీరు మోసే బరువు తేల్చుకోండి, దాన్ని బట్టి స్ప్రింగు ఎంచుకోండి, స్ప్రింగుకి తగ్గ షాకబ్జర్ చూడండి, ఆ రెండూ ఎంత ఎత్తిస్తే అంతతో సరిపెట్టుకోండి. తొట్టి తరచూ నింపేవాళ్లు కంపెనీ వాలును వదిలేయడమే తెలివి. నింపనివాళ్లకు ముందు ఒకటిన్నర నుంచి రెండంగుళాలు, ఆ వెంటనే అలైన్‌మెంటు, హెడ్‌లైట్ల సవరింపు చాలు. అంతకు మించిన ప్రతి అంగుళానికీ బాల్ జాయింట్లు, బుష్‌లు, టైర్లు వడ్డీ కడతాయి.